సముద్రము లేని రాగి దేశము

విద్యార్థులారా, ఆఫ్రికా ఖండపు పటమును విప్పి, భూమధ్యరేఖకు దిగువను, తూర్పు పడమటి సముద్రములకు నడుమ నున్న భాగమును చూడుడు. రెక్కలు చాచిన సీతాకోకచిలుకను పోలిన దేశమొకటి కనబడును. అదియే జాంబియా. 1964కు పూర్వము దీనిని ఉత్తర రొడీషియా యనుచుండిరి. కాంగో, టాంజానియా, మలావి, మొజాంబిక్, జింబాబ్వే, బోట్స్వానా, నమీబియా, అంగోలా అను ఎనిమిది దేశములు దీనిని చుట్టుకొని యున్నవి. వైశాల్యము సుమారు 7,52,000 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెండును కలిసినను ఆ విస్తీర్ణములో మూడవ వంతును కొంచెము మాత్రమే మించును. జనులా, 2022 నాటి లెక్క ప్రకారము సుమారు 2 కోట్లు మాత్రమే. ఇంత దేశమునకును సముద్రతీరము ఒక్క అడుగైనను లేదు.

సముద్రమెంత దూరమో తెలియుటకు మన పాఠశాలలో అందరు నెరిగిన ఒక చరిత్రమును తలచుకొనుడు. 1855లో జాంబెజీ నది మీది మహాజలపాతమును చూచి దానికి విక్టోరియా రాణి పేరు పెట్టిన డేవిడ్ లివింగ్‌స్టన్ దొరగారు, 1873 మే నెలలో నేటి జాంబియాలోని చితాంబో గ్రామమున మరణించిరి. ఆయన సేవకులైన చూమా, సూసీ అనువారు ఆయన గుండెను ఒక చెట్టు క్రింద పాతిపెట్టి, దేహమును ఎండించి, గుడ్డలలో చుట్టి, వేయి మైళ్లకు పైగా మోసికొనిపోయిరి. వారు బగమోయో తీరము చేరునప్పటికి 1874 ఫిబ్రవరి వచ్చెను. ఒక్క మనుష్యుని దేహమును సముద్రము చేర్చుటకు తొమ్మిది మాసములు పట్టిన ఆ నేలనుండి, తరువాతి కాలమున ఏటేట లక్షల టన్నుల లోహము సముద్రము చేరవలసి వచ్చెను.

ఇంటిలో ధనమున్నను, బయటికి పోవు వాకిలి పొరుగువానిదైనచో ఆ యింటి యజమాని ఎంతవరకు యజమాని? గని మీది హక్కు ఎవరిది, రేవునకు పోవు దారి ఎవరి చేతిలో నున్నది అను రెండు ప్రశ్నలను విడువక పట్టుకొన్నచో జాంబియాలోని కంపెనీల చరిత్రమంతయు తేటపడును.

జాంబియాకు ఉత్తరమున, కాంగో సరిహద్దు వెంబడి, కాపర్‌బెల్టు అను రాగి పట్టీ కలదు. తెల్లవారు రాకమునుపే అచ్చటి జనులు పచ్చరాతిని బొగ్గుకొలిమిలో కరగించి రాగి తీయుచుండిరి. ఆ ప్రాంతములలో రాగిని సిలువ ఆకారమున పోతపోసి ద్రవ్యముగ వాడుచుండిరి. క్రైస్తవ సువార్తకు ఆ ఆకారముతో సంబంధము లేదు. 1902లో విలియం కోలియర్ అను అన్వేషకుడు రోన్ జాతి జింకను కాల్చగా, అది పడిన రాతిమీద పచ్చని రాగి మరక కనబడెనని చెప్పుదురు. ఆ గనికి రోన్ ఆంటిలోప్ అను పేరు అట్లు వచ్చెను. అయినను పై పొరలలోని పచ్చరాయి తగినంత లాభము నీయలేదు. 1920 తరువాత లోతున గంధకముతో కలిసిన ముడిరాగి విస్తారముగ నున్నదని తెలియుటయు, లోకమంతట విద్యుత్తీగెలకు రాగి కావలసివచ్చుటయు ఒకేసారి జరిగెను. రోన్ ఆంటిలోప్, న్కానా, ముఫులీరా, న్చాంగా అను గనులు ఒకదాని వెంట నొకటి పెరిగినవి.

రాగి తీయు విధము కొంత తెలిసికొనదగినది. త్రవ్విన రాతిలో రాగి నూటికి రెండు మూడు పాళ్లున్నచో మంచి గని యనుకొనవలెను. రాతిని పిండి చేసి, నీటిలో కలిపి, మందులు వేసి గాలి ఊదుదురు. రాగి గల రేణువులు నురుగునకు అంటుకొని పైకి తేలును; తక్కిన మట్టి అడుగున నిలుచును. ఆ నురుగును ఎండబెట్టి, గొప్ప కొలుములలో కరగించి, గంధకమును కాల్చివేయుదురు. అప్పుడు వచ్చు రాగి నూటికి 98, 99 పాళ్లు శుద్ధము. దానిని ఆమ్లపు తొట్లలో వ్రేలాడదీసి విద్యుత్తు ప్రవహింపజేసినచో, ఎదుటి పలక మీద దాదాపు సంపూర్ణముగ శుద్ధమైన రాగి పేరుకొనును. మన యింటి గోడలోని తీగెలకు తగినది ఈ రాగియే. ఇందులో ప్రతి మెట్టునకును విద్యుత్తు కావలెను, నీరు కావలెను, మిగిలిన బురదను నిలువచేయుటకు చెరువు వంటి గొప్ప కట్టయు కావలెను. కొంకోలా అను గనిలో ఊరు నీరు మరియు అధికము. అది లోకములోని మిక్కిలి తడిగనులలో నొకటి. రోజుకు సుమారు 3 లక్షల ఘనమీటర్ల నీటిని పైకి తోడనిదే అందు పని సాగదు.

ఈ సంపద మీది హక్కు సంగతి 1890లో మొదలాయెను. పడమటి భాగమున లోజీ జనుల రాజు లెవానికా ఆ యేటి జూన్ నెలలో ఒక పత్రముపై గురుతు వేసెను. సెసిల్ రోడ్స్ స్థాపించిన బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ పక్షమున లోచ్నర్ అనునతడు దానిని తెచ్చెను. ఏటికి 2,000 పౌన్లు ఇత్తుమని వ్రాసి, రాజ్యమంతటి గనుల హక్కును కంపెనీ తీసికొనెను. తాను విక్టోరియా రాణితో సంధి చేసికొనుచున్నానని లెవానికా తలచెను. ఒక వర్తక సంఘముతో బేరము కుదుర్చుకొంటినని తరువాత తెలిసి మిగుల చింతించి అభ్యంతరము తెలిపెను. ఈ వ్యవహారమున రాజునకును కంపెనీకిని నడుమ మాట చెప్పినవారు ఫ్రెంచి మిషనరీ ఫ్రాంస్వా కొయార్ గారు. మిషను పాఠశాలలో వ్రాయుచు ఈ సంగతిని దాటిపోవుట న్యాయము కాదు. ఆయన ఆ దేశమునకు మేలు కోరినవాడే. కాని చదువరానివాని చేత గురుతు వేయించు పత్రమున మధ్యవర్తికి గల బాధ్యత సామాన్యము కాదు.

ఆ పత్రము బలముననే, లెవానికా ఏలుబడిలో నుండెనని చెప్పుట కష్టమైన దూరపు కాపర్‌బెల్టునకు సైతము కంపెనీ హక్కు చెప్పెను. రాగి త్రవ్వినవి వేరు సంఘములు: ఒకటి ఆంగ్లో అమెరికన్, రెండవది రొడీషియన్ సెలెక్షన్ ట్రస్టు. త్రవ్విన రాగి మీద రాయల్టీ, అనగా భూస్వామికి చెల్లవలసిన పాలు, పుచ్చుకొన్నది మాత్రము ఆ పాత కంపెనీ. రైలుమార్గము సైతము 1947 వరకు దాని చేతిలోనే యుండెను. 1905లో జలపాతము నొద్ద వంతెన దాటి, 1906లో బ్రోకెన్ హిల్ చేరి, 1909లో కాంగో సరిహద్దునంటిన ఆ మార్గము దక్షిణమునకు, అనగా తెల్లవారి యేలుబడిలోని దేశములకే పోవుచుండెను. మనము మొదట వేసికొన్న రెండు ప్రశ్నలకును అప్పుడు ఉత్తరము ఒక్కటే.

గనులలో తెల్లవారికొక జీతము, నల్లవారికొక జీతము. నేర్పు గల పనులు నల్లవారికి అందనీయరు. 1935లో పన్ను పెంచినందున కార్మికులు పని మానగా రోన్ ఆంటిలోప్ నొద్ద తుపాకి కాల్పులలో ఆరుగురు మరణించిరి. 1940లో న్కానాలో అంతకు మించినమంది మరణించిరి. ఈ కార్మికులలో ననేకులు పల్లెల మిషను బడులలో చదివినవారు. మిషనరీలు గనుల ఊళ్లకు రాకమునుపే వారు తమలో తాము కూడుకొని ఆరాధన జరుపుకొనిరి. ఒకడు ప్రెస్బిటేరియన్, ఒకడు మెథడిస్టు అను భేదము పాటింపలేదు. 1936లో పలు మిషనులు కలిసి కాపర్‌బెల్టులో ఒక్కటిగ పనిచేయ నారంభించినవి. 1965లో జాంబియా ఐక్య సంఘము ఏర్పడెను. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన విధమును ఎరిగిన మనకు ఈ వార్త క్రొత్తగ తోచదు.

1964 అక్టోబరు 24న దేశము స్వతంత్రమాయెను. దానికి ముందటి గంటలలో పాత కంపెనీ తన ఖనిజహక్కులను విడిచిపెట్టెను. పరిహారము 40 లక్షల పౌన్లు. సగము బ్రిటిష్ ప్రభుత్వము, సగము జాంబియా చెల్లించినవి. మొదటి అధ్యక్షుడు కెన్నెత్ కౌండా గారు లుబ్వా మిషనులో పుట్టినవారు. తండ్రి పాదిరి, ఉపాధ్యాయుడు, తల్లియు ఉపాధ్యాయినియే. ఆయనయు మొదట బడిపంతులుగనే జీవనము ప్రారంభించెను. గాంధీగారి మార్గమున ఆయనకు గౌరవము మెండు. ఆయన చేతికి వచ్చిన దేశమున పట్టభద్రులు సుమారు నూరుగురు మాత్రమే. అరువది యేండ్లకు మించి పన్నులు గ్రహించిన పరిపాలన చదువునకు విడిచిన లెక్క అది. 1966లో లుసాకాలో విశ్వవిద్యాలయము తెరవబడెను. అక్కడి బడులలో చెప్పుటకు మన దక్షిణదేశమునుండి సైతము ఉపాధ్యాయులు పోయిరి.

ఇట్లు గని మీది హక్కు చేతికి వచ్చినదో లేదో, దారి చిక్కు మొదలాయెను. 1965 నవంబరు 11న దక్షిణ రొడీషియాలోని తెల్లవారు తమంతట తాము స్వాతంత్ర్యము ప్రకటించుకొనిరి. జాంబియాకు నూనె, బొగ్గు, యంత్రములు వచ్చు మార్గము వారిదే. రాగి పోవు మార్గమును వారిదే. కరీబా ఆనకట్ట విద్యుత్తు తయారగు యంత్రశాలయు నదికి ఆవలి గట్టున వారి వైపుననే యుండెను. నూనె ఆగిపోగా బ్రిటిష్, అమెరికన్, కెనడా విమానములు పీపాలలో నూనెను మోసి తెచ్చినవి. ఆ నూనెలో కొంత తెచ్చుటకే వ్యయమగుచుండెనని చెప్పవలెనా? తూర్పున టాంజానియాకు పోవు మట్టిబాట మీద లారీలు వానలో కూరుకొని, బోర్లపడి, ఎందరో డ్రైవర్లు మరణించిరి. 1968లో దారెస్సలాం రేవునుండి న్డోలా వరకు సుమారు 1,700 కిలోమీటర్ల నూనెగొట్టము వేసిరి. 1973లో రొడీషియా సరిహద్దు మూతపడెను. 1975లో అంగోలా యుద్ధము వలన పడమటి సముద్రమునకు పోవు బెంగ్వేలా రైలుమార్గమును నిలిచిపోయెను.

అప్పటికి తూర్పు రైలుమార్గపు పని నడుచుచుండెను. పడమటి దేశములు లాభము లేదని త్రోసివేసిన ఆ పనికి చైనా వడ్డీ లేని అప్పు ఇచ్చెను. 1970లో ఆరంభించి, 1975లో పట్టాలు పూర్తిచేసి, మరుసటి యేడు అప్పగించిరి. దీని పేరు టాజరా. కపిరి మ్పోషి నుండి దారెస్సలాం వరకు పొడవు 1,860 కిలోమీటర్లు. వంతెనలు 300కు పైగా, సొరంగములు 20కి పైగా. అడవులు, బురదనేలలు, కొండచరియలు దాటుచు వేలకొలది చైనా, టాంజానియా, జాంబియా కార్మికులు చేసిన పని యిది. చైనా అప్పటికి ధనిక దేశము కాదు. స్నేహమునకో, రాజకీయమునకో, రెంటికినో చేసెననుకొనుడు. మార్గము మాత్రము నిలిచినది.

దారి దొరకునప్పటికి ధర పడిపోయెను. 1969లో ప్రభుత్వము గనులలో నూటికి 51 వాటాలు తీసికొనుటకు నిశ్చయించెను. ఆ కాలమున రాగి ఉత్పత్తి ఏటికి 7 లక్షల టన్నులకు పైబడి యుండెను. ఎగుమతులలో నూటికి తొంబదికి మించి రాగియే. 1970 సెప్టెంబరులో ముఫులీరా గనిలోనికి పైనున్న బురద విరుచుకొనిపడి 89 మంది మరణించిరి. 1974 నాటి రాగి ధర 1975 వచ్చునప్పటికి సగమునకు దిగువకు పోయెను. రాగి ధరను నిర్ణయించునది లండను బజారు. లుసాకాకు అందులో పలుకుబడి లేదు. ఒక్క పంటనే నమ్మిన రైతు వలె దేశము అప్పుల పాలాయెను. 1982లో గనులన్నిటిని కలిపి జెడ్.సీ.సీ.ఎం. అను ఒక్క సంస్థ చేసిరి. అది గని త్రవ్వుటయే కాక, ఊళ్లలో ఆసుపత్రులు, బడులు, ఇండ్లు, ఆటస్థలములు, వీధిదీపములు సైతము నడిపెను. కాని యంత్రములను మార్చుటకు ధనము లేక, 2000 నాటికి ఉత్పత్తి రెండున్నర లక్షల టన్నుల దరికి దిగెను. 1991 ఎన్నికలలో ఓడిన కౌండాగారు అధికారమును శాంతముగ విడిచిరి. తరువాతి ప్రభుత్వము 2000 లోపల గనులను ముక్కలు ముక్కలుగ అమ్మెను. క్రొత్త యజమానులు గనులను కొనిరి గాని, ఆసుపత్రులను బడులను మునుపటి వలె నడపుటకు అందరును ఒప్పుకొనలేదు.

ఇప్పటి కంపెనీలను క్లుప్తముగ చూతము. అన్నిటికంటె గొప్పది కెనడాకు చెందిన ఫస్ట్ క్వాంటమ్. సోల్వేజీ యొద్ద కన్సాన్షీ గనియు, కలుంబీలా యొద్ద సెంటినెల్ గనియు దానివి. లుమ్వానా గని బారిక్ అను కెనడా సంస్థది. చాంబిషీ గనిని 1998లో చైనా ప్రభుత్వసంస్థ కొనెను. మోపానీ గనులను గ్లెన్‌కోర్ నుండి 2021లో జాంబియా సంస్థయే తిరిగి కొని, 2024లో నూటికి 51 వాటాలను అరబ్బు ఎమిరేట్ల సంస్థకు ఇచ్చెను. కొంకోలా గనులలో నూటికి 51 వాటాలను 2004లో రెండున్నర కోట్ల డాలర్లకు కొన్నది మన భారతీయుల వేదాంత సంస్థ. ఆ గనుల మురికినీటి వలన తమ ఏరులు చెడినవని చింగోలా ప్రాంతపు పల్లెవాసులు ఇంగ్లండు న్యాయస్థానమునకు పోయిరి. వారి వ్యాజ్యమును అక్కడనే వినవచ్చునని 2019 ఏప్రిల్‌లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2021లో రాజీ కుదిరెను. 2019లోనే జాంబియా ప్రభుత్వము ఆ గనులను స్వాధీనపరచుకొని, 2024లో వేదాంతకు తిరిగి అప్పగించెను. 2025 ఫిబ్రవరిలో చాంబిషీ యొద్ద మరియొక చైనా సంస్థ కట్టిన బురదకట్ట తెగి, ఆమ్లపు నీరు కఫ్వే నదిలో పడి చేపలు చచ్చెను. కిత్వే పట్టణమునకు త్రాగునీరు ఆపవలసి వచ్చెను. యజమాని తెల్లవాడైనను, చైనావాడైనను, మనవాడైనను, నది మాత్రము ఒక్కటే.

హక్కును గూర్చి ఒక సూక్ష్మము. కన్సాన్షీలో ప్రభుత్వపు సంస్థకు నూటికి 20 వాటాలుండెను. వాటాదారునికి లాభములో పాలు వచ్చును. ఖర్చులు తీసివేయగా లాభమెంతయని వ్రాయువారు గని నడుపువారే. 2023లో ఆ వాటాలను విడిచి, అమ్మిన సరుకు విలువలో నూటికి 3.1 వంతు రాయల్టీగ తీసికొనుటకు మారిరి. లాభము వచ్చినను రాకున్నను అమ్మకము దాచుట కష్టము. 1890 నాటి కంపెనీ ఆనాడే యెరిగిన పాఠము ఇది.

రాగి కాక జాంబియా పచ్చలకు ప్రసిద్ధము. లుఫ్వాన్యామా ప్రాంతపు కాగెం గనిలో నూటికి 75 వాటాలు జెమ్‌ఫీల్డ్స్ సంస్థవి, 25 ప్రభుత్వమువి. అచ్చటి పచ్చలలో పెక్కు మన జయపురము చేరి సానబట్టబడును. ముడిరాయి వారిది, సానబట్టు కూలి మనది. మజబూకా యొద్ద నకంబాలాలో చక్కెర, చిలంగాలో సిమెంటు తయారగును. విద్యుత్తులో నూటికి ఎనుబదికి మించి నీటిశక్తి వలననే వచ్చుచుండెను. 2024లో మహా అనావృష్టి వలన కరీబా జలాశయము అడుగంటగా ఇండ్లకు రోజులో కొన్ని గంటలే దీపములు వెలిగినవి. ఆ ఆనకట్ట కట్టునాడు సుమారు 57,000 మంది టోంగా జనులు తమ నదీతీరపు పొలములను విడువవలసి వచ్చెను.

పూర్వపు బ్రోకెన్ హిల్, నేటి కబ్వే పట్టణమును గూర్చి చెప్పనిదే ఈ వ్యాసము పూర్తి కాదు. సీసము, యశదము తీసిన ఆ గని 1994లో మూతపడెను. గని మూతపడినను సీసపు ధూళి మట్టిలో నిలిచెను. మట్టిలో ఆడుకొను పసిపిల్లల రక్తములో సీసము చేరి, వారి బుద్ధి వికాసమును కుంటుపరచుచున్నదని వైద్యులు కనుగొనిరి. ఆ గనిలోనే 1921లో దొరికిన ప్రాచీన మానవ కపాలము లండను ప్రదర్శనశాలలో భద్రముగ నున్నది.

2020 నవంబరులో జాంబియా విదేశీ అప్పు వాయిదా చెల్లింపలేకపోయెను. అప్పుదారులతో ఒప్పందములు కుదురుటకు మూడేండ్లకు మించి పట్టెను. 2024లో రాగి ఉత్పత్తి సుమారు 8,20,000 టన్నులు. దానిని 30 లక్షలకు పెంచవలెనని ప్రభుత్వపు కోరిక. విద్యుత్తు బండ్లకు రాగి అధికముగ కావలసినందున దారుల కొరకు మరల పోటీ వచ్చినది. అమెరికా, ఐరోపాలు పడమటి సముద్రమునకు లోబిటో మార్గమును బాగుచేయింప బూనినవి. చైనా తన పాత టాజరాను బాగుచేయ బూనెను. అరువదియేండ్ల క్రిందట ఒక్క దారికై అలమటించిన దేశము ఎదుట ఇప్పుడు రెండు దారులవారు నిలిచి పిలుచుచున్నారు. ఏ దారిన పోయినను కూలి యెంత, అప్పు యెంత యని అడుగు తెలివి వారికి కలిగినది.

ఇన్ని లెక్కల నడుమ ఉపాధ్యాయునిగ నాకు ముఖ్యముగ తోచినది ఒకటి కలదు. 2022 జనవరి నుండి అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో ఉన్నత తరగతుల వరకు జీతము తీసివేసిరి. ఆ యేటనే 30 వేలకు పైగా ఉపాధ్యాయులను నియమించిరి. జీతము కట్టలేక ఇంట నిలిచిన పిల్లలు బడులకు వరదవలె వచ్చిరి. బల్లలు చాలక పెక్కు బడులలో నేలమీద కూర్చుండి చదువుచున్నారు. ఆ ఉపాధ్యాయుల వేతనములకును, ఆ బల్లలకును కావలసిన ధనములో అధికభాగము నేటికిని ఆ నేలక్రింది రాగినుండియే రావలెను.